శుక్రవారం కాని రోజు

మా శిక్షణ కేంద్రం చరిత్ర చెప్పమని మొన్న జిల్లా ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చారు. సేవాభావంతో మొదలైందని రాసుకోండి అన్నాను. రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయారు. అసలు సంగతి వాళ్ళకెందుకు? అది సేవ కోసం పుట్టలేదు. సిద్ధిరాములు సేటు కార్ఖానా మూతపడాలని పుట్టింది.

బొంబాయి పక్కన భివండిలో, నార్పోలి పేటలో మా ఒంటిగది ఖోలీకీ, ఆయన మరమగ్గాల కార్ఖానాకీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ రాత్రింబవళ్ళు వణుకుతూనే ఉండేది. గూట్లో గిన్నెలు వాటంతటవే అంచుకు జరిగేవి. భివండిలో శుక్రవారం మగ్గాలకు సెలవు. ఆ ఒక్కరోజే గోడ ఆగేది, మేమూ మనుషుల్లాగా మెల్లగా మాట్లాడుకునేవాళ్ళం.

మా ఆయన పౌలు ఆ కార్ఖానాలోనే మగ్గాలు నడిపేవాడు. సేటుదీ మాదీ కరీంనగర్ వైపు పక్కపక్క ఊళ్ళు. మనోడే కదా అని నమ్మి వచ్చాం. మగ్గం పక్కన పళ్ళచక్రాల మీద ఒక ఇనుప మూత ఉంటుంది. నూనె వేయడానికి అది విప్పి బిగించాలంటే ప్రతిసారీ మగ్గం ఆపాలని సేటు అన్ని మూతలూ ఊడదీయించాడు. తొంభై మూడులో ఆ చక్రాలు పౌలు కుడిచేతి రెండు వేళ్ళు తినేశాయి.

వేళ్ళు పోయినందుకు ఏడ్చాను, అంతే. పగ పుట్టింది దాని తర్వాత. ఆస్పత్రి బయట నిలబడి సేటు అందరి ముందూ ఏమన్నాడో తెలుసా?

"తాగొచ్చి మగ్గం మీద పడ్డడు. నేనేం జెయ్యాలె?"

పౌలు తాగడమేమిటి! మా పెళ్ళిలో సొంత మేనమామలు బతిమాలినా గ్లాసు పట్టని మనిషి. కానీ సేటు మాటకు కాళ్ళొచ్చాయి. పౌలు గైబీ నగర్ దాకా పని కోసం తిరిగితే, ఆయన కంటే ముందే ఆ మాట ప్రతి కార్ఖానాకీ చేరిపోయింది. తాగుబోతును మగ్గం మీద ఎవడు పెట్టుకుంటాడు? చివరికి ఇంట్లో నా పక్కన కూర్చుని, ఆడవాళ్ళు చుట్టే నూలు కండెలు చుట్టాడు. మా ప్రార్థన మందిరంలో కూడా కొందరు ఆయన పక్కన కూర్చునేటప్పుడు ముక్కు ఎగబీల్చి వాసన చూసేవారు. వాళ్ళను నేను ఇప్పటికీ క్షమించలేదు.

మగ్గాల చప్పుడు ఆయన చెవులు సగం ముందే తినేసింది. మిగతా సగం ఆ గోడ పక్కనే పోయింది. ఆయన వీపు గోడకు ఆనించి కూర్చునేవాడు. గోడ ఆగితే ఆయనకు శుక్రవారం.

అలాంటి ఒక శుక్రవారం ఆయన చెవిలో గట్టిగా చెప్పాను. "శుక్రారం గాని రోజు ఈ గోడ ఆగాలె. నువ్వు తాగలేదని సేటు వాని నోటితోనే చెప్పాలె. అప్పటిదాంక నేనూకోను." ఆయన తల ఊపాడు. నన్ను నమ్మినట్టేమీ కనబడలేదు.

ఏం చెయ్యాలని చాలా ఆలోచించాను. కార్ఖానాకు నిప్పు పెడదామంటే మధ్య ఉన్నది ఒకటే గోడ, ముందు మేమే కాలిపోతాం. అప్పుడు తట్టింది. మనిషి లేని మగ్గం ఉత్త ఇనుము. ఆ మనుషులనే లాగేస్తే?

పక్క గల్లీలో శాంతాబాయి అనే మరాఠీ ఆవిడ దగ్గర కుట్టుమిషన్ ఉండేది. శుక్రవారాలు కుట్టు నేర్పమని అడిగాను. "కిస్‌కో?" అంది, ఎవరికని. "సిద్ధిరాములు సేటు కే ఆద్మీ లోగ్ కే ఘర్ వాలోంకో. పహలే ఉన్హీకో" అన్నాను, ఆ సేటు పనివాళ్ళ ఇంట్లోవాళ్ళకు, ముందు వాళ్ళకే అని. ఆవిడ నా మొహం చూసి, పళ్ళన్నీ కనబడేలా నవ్వి, "చలేగా" అని ఒప్పుకుంది.

మందిరం వెనక రేకుల గది పాస్టరయ్య ఇచ్చారు. అలా మొదలైంది. జనం దానికి శుక్రవారం బడి అని పేరు పెట్టారు. గోడ ఆగగానే పౌలు తెల్లచొక్కా వేసుకుని, తాళాలగుత్తి పట్టుకుని ముందు వెళ్ళి చాపలు పరిచేవాడు.

మొదట ఆడవాళ్ళు కుట్టుపనికి వెళ్ళారు. ఇంట్లోకి రెండో జీతం వస్తే మగవాళ్ళకు సేటంటే భయం తగ్గింది. తర్వాత వాళ్ళకు మోటార్లు బాగుచేయడం నేర్పించాం. ఊరి బయట మాన్కోలి వైపు పెద్ద పెద్ద గోదాములు లేచాక, నేను ఒక్కో గేటు దగ్గరా నిలబడి, మా వాళ్ళను తీసుకునేదాకా మేనేజర్లను వదలలేదు. పెట్టెల మీద పేర్లు చదవడం, వచ్చిపోయే సరుకు రాసుకోవడం బళ్ళోనే నేర్పాం. అక్కడ పన్నెండు గంటల పాళీ పని లేదు, చెయ్యి తినే చక్రం లేదు. కొన్నేళ్ళకు సర్కారు గుర్తింపు వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, గోడకు బోర్డు వచ్చింది. ఊరంతా నన్ను పుణ్యాత్మురాలు అన్నది. అననీ. ఏ కార్ఖానావాళ్ళు వచ్చినా చేర్చుకునేదాన్ని, కానీ మొదటి చాప మాత్రం సిద్ధిరాములు పనివాళ్ళకే. ఉత్తరాది నుంచి ఆయన కొత్తవాళ్ళను దింపితే, శాంతాబాయి హిందీలో వాళ్ళనూ మా వైపు తిప్పేసేది.

పాస్టరయ్యకు నా సంగతి తెలుసు. "అమ్మా, పగ దేవునికి వదిలెయ్యి" అనేవారు. "దేవునికి శాన పనులున్నయ్ అయ్యా. గీ ఒక్కటి నేను జూసుకుంట" అనేదాన్ని.

రెండువేల నాలుగులో ఒక మంగళవారం పొద్దున సేటు మా గడప ముందుకు వచ్చాడు. పదకొండేళ్ళలో మొదటిసారి. పౌలు లోపల కండెలు చుడుతున్నాడు. గోడ కొద్దిగానే వణుకుతోంది.

"దెబోరమ్మా, మనుషులెవ్వరు లేరు. గట్టయ్య ఒక్కడే రెండు మగ్గాలు నడుపుతుండు. నీ దగ్గర పనోళ్ళు మస్తుమంది ఉన్నరంట. నలుగురిని పంపియ్యి. నీ పేరు చెప్పుకుంట."

"పౌలును పెట్టుకుంటవా సేటూ?"

"ఆయననా..."

"ఏంది, తాగుతడనా?"

సేటు నేల చూపులు చూశాడు.

"గల్లీల నిలబడు. ఆనాడు ఏమైందో ఉన్నదున్నట్టు చెప్పు. చెప్తే చూస్త."

మొదట గొణిగాడు. నేను కదలలేదు. జనం గుమికూడారు. శాంతాబాయి కుట్టే గుడ్డ చేతిలో పట్టుకునే వచ్చింది. ఇక తప్పదని సేటు నోరు తెరిచాడు.

"పౌలు ఆనాడు తాగలే. మూతలు నేనే తీయించిన. నా మీదికి వస్తదని అబద్ధమాడిన."

కార్ఖానా గుమ్మంలోంచి గట్టయ్య ఇదంతా చూస్తున్నాడు. లోపలికి వెళ్ళి, ఆ రెండు మగ్గాలూ ఆపేసి, భుజాన తువ్వాలు వేసుకుని బయటికి వచ్చాడు.

అంతలో మా గుమ్మంలోకి పౌలు వచ్చాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. చేతిలో తాళాలగుత్తి.

"గోడ ఆగింది. ఇయ్యాల శుక్రారమా దెబోరా?"

నేను సేటు వైపు తిరిగాను. "ఆయనకు ఇనపడలే. చెవికాడ చెప్పు. గట్టిగ చెప్పు. నీ మగ్గాలే తిన్నయ్ ఆ చెవులను."

సేటు వంగి, పౌలు చెవి దగ్గర నోరు పెట్టి, మెడ నరాలు ఉబ్బేలా అరిచాడు. "పౌలూ! నువ్వు ఆనాడు తాగలే!"

పౌలు ఆయన మొహంలోకి చూశాడు.

"నాకెందుకు చెప్తున్నవ్ సేటూ? నాకెరుకే గద."

సేటు చేత్తో మొహం తుడుచుకున్నాడు. "చెప్పిన గదమ్మా. ఇగ పంపుతవా?"

"చెప్తే చూస్తనన్న. చూసిన."

ఆయన చప్పుడు లేని కార్ఖానాలోకి వెళ్ళిపోయాడు. గట్టయ్య నా పక్కకు వచ్చి, "దెబోరక్కా, నన్ను గూడ చేర్చుకో" అన్నాడు. పౌలు నా కొంగు లాగాడు. "చెప్పవేందే, శుక్రారమేనా?"

ఆయన చెవిలో, కార్ఖానా లోపలిదాకా వినబడేలా అరిచాను. "కాదయ్యా! మంగళారం!"

ఆయనకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వెనక్కి వెళ్ళి గోడ మీద అరచెయ్యి పెట్టి చూశాడు, మిగిలిన వేళ్ళన్నీ పరిచి. ఆ తర్వాత నవ్వాడు. ఆ నవ్వు కోసం నేను ఇంకో పదకొండేళ్ళు పగబట్టగలను.

"అయితే అయిపోయినట్టేనా? ఇగ బడి బంద్ జేద్దామా?" అని తాళాలు నాకివ్వబోయాడు.

ఆ తాళాలు మళ్ళీ ఆయన గుప్పిట్లోనే పెట్టి మూశాను.

"శుక్రారం పెందలాడే తెరువు. పక్క గల్లీల సేటు గూడ మూతలు ఊడదీయించిండంట."