దిబ్బవలస మీది ఎర్రసూది

నేను ఒక గుండుసూదిని. సన్నటి ఇనుప తీగను ముక్కలుగా కోసి, ఒక కొన సానబెట్టి, రెండో కొనకు ఎర్రటి పూసంత తల అతికిస్తే పుట్టాను. వందమంది ఒక డబ్బాలో పడి ప్రభుత్వ బడ్జెట్ కార్యాలయానికి వచ్చాం. మమ్మల్ని బయటికి తీయడానికి ఒక సంతకం కావాలట. అది పడేసరికి రెండేళ్లు గడిచాయి.

మమ్మల్ని తీసుకున్నది హైమవతి. ఉన్నవాటిని ఎక్కడ పెడితే ఎక్కువమందికి అందుతాయో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. ఆ ఏడు మంజూరైనవి పన్నెండు అంబులెన్సులు. కొండల్లో ఊళ్లు నలభై మూడు. ఏ ఊరికైనా ముప్పావుగంటలో బండి చేరాలి. ఎండలో దారికెంతసేపు, వానలో ఎంతసేపు అని తనే తిరిగి చూసి వచ్చి, మూడు నెలలు కంప్యూటర్ ముందు కూర్చుంది. చివరికి గోడమీది పటంలో పన్నెండు ఎర్రసూదులు గుచ్చింది. నేను దిబ్బవలసలో దిగాను.

"ఏందమ్మా ఈ తంటా? పోయినేటి జాబితా తేదీ మార్చి పంపితే పోయే!" అన్నారు సూపరింటెండెంట్ పానకాలరావు.

"పోయినేడు దిబ్బవలస వాళ్లు ఒకామెను మంచం మీద మోసుకొచ్చారు సార్. దారిలోనే పోయింది."

ఆయన చెడ్డవాడు కాదు. చల్లారిన టీ కూడా పారబోయకుండా తాగే మనిషి.

జాబితా వెళ్లాల్సిన వారంలో హైమవతికి జ్వరం వచ్చింది. సెలవు చీటీ పంపింది. స్టాప్లర్‌లో పిన్నులు లేవు, మిగతా సూదుల డబ్బా హైమవతి సొరుగులో తాళం కింద ఉంది. ఫ్యాను గాలికి చీటీ ఎగురుతోంది. పానకాలరావు అటూ ఇటూ చూసి, పటంలోంచి నన్ను లాగి, ఆ చీటీని సెలవుల ఫైలుకు గుచ్చేశారు. ఆ సాయంత్రమే పెద్దసారు జాబితా అడిగారు. పానకాలరావుకు కంప్యూటర్ తెరవడం రాదు. పటంలోని ఎర్రసూదులు చూసి ఊళ్ల పేర్లు రాశారు. పదకొండు వచ్చాయి. మిగిలిన బండిని 'ముఖ్య కార్యాలయ అవసరాలకు' అని రాసి పంపారు. లెక్క సరిపోయినందుకు తృప్తిగా కళ్లజోడు తుడుచుకున్నారు.

నాలుగోరోజు హైమవతి వచ్చింది. పటంలో దిబ్బవలస దగ్గర చిన్న చిల్లు మాత్రమే ఉంది. సెలవుల ఫైల్లో సంతకం చేయబోతూ నన్ను గుర్తుపట్టింది.

"ఇది మీరే తీశారా సార్?"

"ఒక్క సూదికి అంత మొహం మాడ్చుకోవడం ఎందుకమ్మా? నీ చీటీ ఎగిరిపోతుంటే నీ కోసమే పెట్టా."

"జాబితాలో దిబ్బవలస లేదు సార్."

పానకాలరావు పటం దగ్గరికి వెళ్లి వేలితో లెక్కపెట్టారు. మళ్లీ లెక్కపెట్టారు. కుర్చీలో కూలబడి, "సవరణ రాయి తల్లీ. నేనే సంతకం పెడతా. కానీ పైకెళ్లిన దాన్ని మార్చాలంటే కింది బల్ల నుంచి మళ్లీ ఎక్కాల్సిందే" అన్నారు.

హైమవతి సవరణ రాసి, పటం నకలుతో కలిపి నాలుగు మడతలు పెట్టి, విడిపోకుండా నన్నే గుచ్చింది. నన్ను తీస్తేనే ఆ కాగితం తెరుచుకుంటుంది.

మొదటి బల్ల వాళ్లు పైన ముద్ర వేశారు. రెండో బల్ల వాళ్లు పైన అంకె వేశారు. మూడో బల్ల మీద ఆగిపోయాం. నా మీద మరో ఫైలు పడింది, దాని మీద ఇంకొకటి. నాకు కనిపించేది ఒక అంగుళం వెలుతురు.

హైమవతి రోజూ వస్తుంది. "కదిలిందా అండీ?" అని అడుగుతుంది. "వరసలో ఉంది మేడమ్" అంటారు. ఒకరోజు ఆమె ఇక్కడ నిలబడి ఉండగానే ఫోన్ మోగింది. దిబ్బవలస ఆరోగ్య కార్యకర్త చిలకమ్మ గొంతు నా దాకా వినిపించింది.

"బండెప్పుడొస్తాదమ్మా? మా ఊళ్లో ఇద్దరికి నెలలు నిండిపోనాయి. వాగు కూడా పెరగతంది."

హైమవతి, "మీరు ఇద్దర్నీ ముందే కిందికి దించెయ్యండి చిలకమ్మా. బండి మాట నేను చూస్తాను" అంది. ఫోన్ పెట్టేసి, ఫైళ్ల మధ్యలోకి వేలు దూర్చి నా తలను ఒకసారి తాకింది. లాగే అధికారం ఆమెకు లేదు.

కిటికీలోంచి వాన జల్లు లోపలికి కొడుతోంది. నాకు తుప్పు మొదలైంది. మడతల లోపల, దిబ్బవలస పేరు చుట్టూ, ఎర్రటి మరక ఒకటి రోజురోజుకీ పెద్దదవుతోంది. కాగితాలు విడిపోకుండా పట్టుకోవడం ఒక్కటే నాకు తెలిసిన పని. ఎవరైనా వచ్చి నన్ను లాగేవరకూ ఆ పని మానడం నా చేతిలో లేదు.