గళ్ళగుడ్డ ముడి

పంపు మూడోసారి మూలిగి ఆగిపోయింది. గొట్టంలో ముడిచమురు తారులా బిగుసుకుంది. పన్నెండులోగా అది కదలకపోతే కెమిస్టు ప్రయోగం ఎత్తేసి, పాత పద్ధతిలో కొలిమి వెలిగిస్తానని మేనేజరు తేల్చేశాడు. అప్పటికి పదకొండూ నలభై.

కెమిస్టు రెండేళ్ళ కష్టం అది. చిక్కటి చమురును వేడిచేసే బదులు సబ్బునీళ్ళలో సన్నటి బొట్లుగా చిలకాలి. గొట్టాన్ని రాసుకునేది నీళ్ళే కాబట్టి చమురు పాలలా జారిపోతుంది. మూడు వారాలు జారింది కూడా. మూడు రోజులుగా మొండికేస్తోంది.

తప్పు మిశ్రమానిదేనని మేనేజరు, తూకాలు పదిసార్లు చూశానని కెమిస్టు వాదించుకున్నారు. ఆపరేటరు మాత్రం ఎవరూ అడక్కముందే పిల్లల మీద ఒట్టేశాడు. దాంతో అందరికీ అతని మీదే అనుమానం మొదలైంది.

విచారణకు పెద్దదిక్కు కెమిస్టు మామగారు. ఇదే స్టేషన్లో ముప్పై ఏళ్ళు పంపు నడిపి రిటైరైన మనిషి. మోకాలినొప్పి తగ్గడంతో, కోడలికి క్యారియర్ తెచ్చే వంకన మూడు రోజులుగా పొద్దున్నే వచ్చి పాత పంపును పలకరిస్తున్నారు. దొంగ దొరికితే తనకే అప్పగించమని ఆయన ఇప్పటికి నాలుగుసార్లు చెప్పారు.

ఇంతలో ఆపరేటరు, మిశ్రమం కలిపే ట్యాంకు వెనకనుంచి కేకేశాడు. అందరూ పరుగెత్తారు. కాలువలో మోకాలెత్తు నురగ. అందులోంచి స్టేషను పిల్లి తెల్లగడ్డంతో, తీర్థయాత్ర ముగించుకున్న ముసలాయనలా బయటికొచ్చింది.

కెమిస్టుకు విషయం అర్థమైంది. ఎనిమిదింటికి ట్యాంకులో సబ్బునీళ్ళు నింపి, అందరూ టీకి వెళ్ళొచ్చాక చమురు వదులుతారు. ఆ మధ్యలో ఎవరో నీళ్ళు పారబోస్తున్నారు. అడుగు వాల్వుకు గళ్ళగుడ్డ పీలిక కట్టి ఉంది.

మామగారు కళ్ళజోడు సవరించుకుని దాన్ని మురిపెంగా చూశారు.

"ఆ రోజుల్లో పొద్దున్నే ట్యాంకు అడుగున చేరిన నీళ్ళు వదిలేసి, వాల్వు బిగించి ఇలాగే గుడ్డ కట్టేవాళ్ళం. చమురు ట్యాంకులో చుక్క నీరున్నా మాకు అన్నం సయించేది కాదు. ఆ ముడి చూడండి, ఎంత పొందిగ్గా ఉందో. వాడెవడోగానీ పనిమంతుడు."

కెమిస్టు చూపు ఆయన చేతిలోని క్యారియర్ మీద పడింది. దానికి చుట్టిన గళ్ళ తువ్వాలు ఒక అంచున పీలికలుగా చిరిగి ఉంది. ఒకసారి కూరలో ఉప్పెక్కువ వేశారన్నందుకే ఆయన నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు.

నీళ్ళు మళ్ళీ నింపితే చాలని మేనేజర్ని బతిమాలింది. పారబోసిందెవరో తేలేదాకా చుక్క కూడా నింపనన్నాడతను. గడియారంలో పది నిమిషాలే మిగిలాయి.

"అదీ మాట. తేలాల్సిందే," అన్నారు మామగారు. "నీకు తెలిస్తే చెప్పమ్మాయ్. ఎవడైతే నీకేం భయం? నేనున్నానుగా."

కెమిస్టు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"మీరే, మామయ్యగారూ."