మూడోసారి మాయమైన బోర్డు

రోడ్డుకు అటు పైవీధి వాళ్లు, ఇటు కిందవీధి వాళ్లు. అందరి చేతుల్లో రాళ్లే. మధ్యలో ప్రొద్దుటూరు వెళ్లాల్సిన మొదటి బస్సు, ఇంజను ఆడుతూనే కదలకుండా నిలబడి ఉంది.

నల్లగుట్టపల్లె బస్‌స్టాపు బోర్డు మళ్లీ మాయమైంది. వారంలో ఇది మూడోసారి. ఇనుప స్తంభం మాత్రం మిగిలింది.

"మీవోళ్లే పీకినారు!"

"బోర్డు మీ వీధి మొగదాల లేదని మీకే కడుపుమంట!"

బస్సులో కూర్చున్న ఖాజాబీ కిటికీలోంచి తల బయటపెట్టింది. "బోర్డు లేకపోతే పోదా ఏందప్పా? బస్సును తోలేది డ్రైవరా, బోర్డా?"

కండక్టరు ఏలీయాకు నవ్వు రాలేదు. ఎన్నికలు పది రోజుల్లో ఉన్నాయి. పైవీధిది ఒక పార్టీ, కిందవీధిది ఇంకో పార్టీ. పోయిన ఎన్నికలప్పుడు రెండు పార్టీల వాళ్లూ ఇక్కడే ఒకే చోట బస్సు కోసం నిలబడ్డారు. మాటా మాటా పెరిగింది, నాటు బాంబు పడింది. డ్రైవరు కరీముల్లా ఎడమ చెవికి వినికిడి ఆరోజే పోయింది. ఆ మర్నాటి నుంచే ఏలీయా బస్సును రెండు చోట్ల ఆపించడం మొదలుపెట్టాడు. పైవీధికి ఒక స్టాపు, కిందవీధికి ఇంకొకటి. తర్వాత ఒక్క రాయి కూడా లేవలేదు.

రెండు నెలల కింద పాత ఓనరు బస్సులు అమ్మేశాడు. కొత్త ఓనరు కొత్త రూల్సు పెట్టాడు. ఖాకీ బట్టలు, ట్రిప్ షీటు, ఊరికి ఒక్కటే స్టాపు, దానికొక బోర్డు. ఏలీయా రోజూ సణిగేవాడు. కరీముల్లా మాత్రం మెడ దాకా గుండీలు పెట్టుకుని, "కాలం మారింది, మనమూ మారాల" అని సర్దిచెప్పేవాడు.

మేనేజరు అమీర్ బాషా జీపు దిగి నేరుగా ఏలీయా దగ్గరికి వచ్చాడు.

"రాత్రి బస్సు ఉండేది ఈ ఊళ్లోనే. పండుకునేది నువ్వూ, కరీముల్లా. రూల్సు మీద ఏడుస్తాండేది నువ్వు ఒక్కడివే. నువ్వే పీకినావని రాస్తా. కాదంటే ఎవరో చెప్పు. లేకుంటే రేపటి నుంచి డ్యూటీకి రావద్దు."

ఏలీయా స్తంభం దగ్గరికి నడిచాడు. బోర్డు ముళ్లకంపలో పడి ఉంది. దాని మీద ఒక్క సొట్ట కూడా లేదు. స్తంభానికి నాలుగు బోల్టులు. నాలుగింటికీ నట్లు తిరిగి బిగించి ఉన్నాయి.

కోపంతో పీకేవాడు నట్లు మళ్లీ బిగించడు.

అలా బిగించే మనిషి ఒక్కడే. చక్రం విప్పితే చాలు, నట్లు పోకుండా మళ్లీ బోల్టులకే తిప్పి పెట్టే చేతులు. పద్దెనిమిదేళ్లుగా ఏలీయా చూస్తున్న చేతులు.

అతను బస్సు వైపు తిరిగాడు. కరీముల్లా తలెత్తకుండా గుడ్డతో స్టీరింగు తుడుస్తున్నాడు.

"నీకు తెలిసిపోయింది," అన్నాడు అమీర్ బాషా గొంతు తగ్గించి. "నా చెవిలో చెప్పు. నీ ఉద్యోగానికి నాది పూచీ."

"చెవిలో చెప్తే నా ఉద్యోగం ఒగటే నిలబడతాది సార్. వీళ్లకు యాడ ఇనపడతాది?"

ఒక రాయి వచ్చి బస్సు టైరుకు తగిలి పడింది. అటు పక్క పది మంది ముందుకు జరిగారు.

ఏలీయా డ్రైవరు కిటికీ దగ్గరికి వెళ్లాడు.

"మామా, నట్లు మళ్లా బిగించినావే."

"పారేస్తే పోతాయి గదప్పా."

"నీ ఉద్యోగం పోతాది."

"తెలుసు." కరీముల్లా గుడ్డను మడిచి పక్కన పెట్టాడు. "రెండు పార్టీలూ ఒగే చోట నిలబడితే మళ్లా బాంబే. ఒగ చెవి ఇచ్చినా, రెండోది ఇయ్యలేను. బోర్డు లేకుంటే మళ్లా రెండు చోట్ల ఆపొచ్చనుకుంటి. ఇట్ల కొట్టుకోనొస్తారనుకోలేదు. చెప్పు ఏలీయా. శానా గట్టిగా చెప్పు, నాగ్గూడా ఇనపడేటట్టు."

ఇంజను ఆపేశాడు.

ఆ నిశ్శబ్దానికి రెండు వీధుల వాళ్లూ బస్సు వైపు చూశారు. ఏలీయా ఫుట్‌బోర్డు ఎక్కి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"రాళ్లు కింద ఎయ్యండప్పా! పైవీధోళ్లు కాదు, కిందవీధోళ్లూ కాదు. మూడుసార్లూ బోర్డు ఇప్పింది మా డ్రైవరు, కరీముల్లా!"