బ్రేకు ప్యాడ్ల పుట్టిల్లు

మా అమ్మాయి సంతకం చేసిన సరుకును కస్టమ్స్ వాళ్ళు ఆపేశారని తెలిసిన రోజు నా కళ్ళకు ముందుగా కనిపించింది జైలు. సరుకును ఆపడం వేరు, మనిషిని పట్టుకోవడం వేరు అని అది ఎంత నచ్చజెప్పినా నా చెవికి ఎక్కలేదు. నేను చదివింది ఎనిమిదో తరగతి. ఒకసారి సంతకం పెట్టించుకున్న కాగితాన్ని సర్కారువాళ్ళు మళ్ళీ తీసి చూస్తున్నారంటే అది మన మంచికి కాదని తెలుసుకోవడానికి ఆ చదువు చాలు.

దాని పని ఏమిటో చెప్పాలి. బయటి దేశాల నుంచి ఓడల్లో వచ్చిన సరుకును కస్టమ్స్ నుంచి విడిపించి పెట్టే ఆఫీసు ఒకటుంది, అందులో ఉద్యోగం. వచ్చింది ఏ వస్తువు, ఏ దేశంలో తయారైంది, దానికి ఎంత సుంకం అన్నది రాసి, తెప్పించుకున్న వాళ్ళ తరఫున సంతకం చేయాలి. అలా సంతకం చేయాలంటే లైసెన్సు ఉండాలి. ఆ పరీక్ష కోసం అది పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ రాకుండా చదివింది. తప్పింది, మళ్ళీ కూర్చుంది, చివరికి పాసయింది. లైసెన్సు చేతికొచ్చాక మొట్టమొదట సొంతంగా సంతకం పెట్టిన పెద్ద సరుకు ఇదే. కంటైనరు నిండా కార్ల బ్రేకు ప్యాడ్లు.

బ్రేకు ప్యాడంటే అరచెయ్యంత ఇనప పలక మీద నల్లటి ముద్ద గట్టిగా అతుక్కుని ఉంటుంది. చక్రంతోపాటు తిరిగే బిళ్ళను ఒరుసుకుని కారును ఆపేది ఆ ముద్దే. ఈ ప్యాడ్లకు పలకలు ఒక దేశం నుంచి వెళ్ళాయి. రెండో దేశంలోని ఫ్యాక్టరీవాళ్ళు రకరకాల పొడులు కలిపి, ఆ పలకల మీద అచ్చులో నొక్కి, కాల్చి ప్యాడ్లు చేశారు. ఆ రెండో దేశంతో మన సర్కారుకు ఒప్పందం ఉంది కాబట్టి సుంకం తక్కువ. పలకల దేశంతో ఒప్పందం లేదు, దాని సరుకుకు సుంకం బరువు. మా అమ్మాయి పలకలు ఎక్కడివో కూడా దాచకుండా రాసి, ప్యాడ్లు మాత్రం రెండో దేశానివని సంతకం చేసింది. తనిఖీవాళ్ళు ఒక ప్యాడు వెనక రంగు గీకి చూస్తే ఇనుములో అచ్చుగుద్ది పలకల దేశం పేరుంది. ఇంకేముంది, పుట్టిన దేశం పేరును రంగు కింద దాచిపెట్టారు, నీ లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో వచ్చి చెప్పుకో అని నోటీసు.

శనివారం సాయంత్రం దాని ఆఫీసు యజమాని మా ఇంటికే వచ్చాడు. అందరూ ఆయన్ని మీసాలాయన అంటారు. నేనిచ్చిన టీలో మీసం మునగకుండా తాగడానికి కాసేపు తంటాలు పడి, అసలు సంగతికి వచ్చాడు.

“చూడమ్మా, ఇలాంటివి మా లైన్లో మామూలే. పూర్తి సుంకం కట్టేస్తామని సరుకు తెప్పించుకున్న పార్టీ ఒప్పుకుంది. పొరపాటున రాశామని మనం ఓ కాగితం ఇచ్చేస్తే ఫైలు మూసేస్తారు.”

“పొరపాటు ఎవరు చేసినట్టు సార్?” అంది అమ్మాయి.

“సంతకం నీదే కదా.”

“అయితే లైసెన్సూ నాదే పోతుంది.”

“పోతే పోయింది, కొన్నాళ్ళాగి మళ్ళీ తెచ్చుకోవచ్చు.”

“తప్పుడు సంతకం చేసిందన్న పేరు పోవాలంటే ఎన్నాళ్ళాగాలి సార్?”

ఆయన నా వైపు చూశాడు, నువ్వైనా చెప్పమ్మా అన్నట్టు. చెప్పాను. దాచుకోవడం దేనికి, ఆయన గడప దాటగానే దాని చెయ్యి పట్టుకుని బతిమాలాను.

“ఒప్పేసుకోవే తల్లీ. పేరు పోతే పోయింది, మనిషివి మిగులుతావు.”

“నేను నిజం రాశానమ్మా. నిజం రాసి తప్పని ఒప్పుకుంటే ఇక నేను దేనిమీద సంతకం చేసినా విలువేముంటుంది?”

“ఆ దేశం పేరు కళ్ళెదుట కనబడుతుంటే ఇంకో దేశానిదని ఎలా అంటావే?”

“పేరున్నది పలక మీద. పలక పలకలాగే ఉండిపోతే అది వాళ్ళదే. దానిమీద పొడి నొక్కి కాల్చాక అది పలక కాదు, బ్రేకు ప్యాడు. ఒక వస్తువు ఎక్కడ ఇంకో వస్తువుగా మారిపోతుందో అదే దాని పుట్టిల్లు. మా రూలు అదే. ఊరికే రంగేసి డబ్బాలో పెడితే మాత్రం ఒప్పుకోరు.”

“మరి రంగెందుకు వేసినట్టు?”

“తుప్పు పట్టకుండా.”

మా ఆయన స్కూలు వ్యాను నడుపుతారు. అప్పటిదాకా పేపరు చదువుకుంటున్న మనిషి తల ఎత్తకుండానే అందుకున్నారు. “మీ అమ్మ కూడా జుట్టుకి రంగేస్తుంది. వయసు దాచిందని ఇంతవరకూ ఒక్కడూ నోటీసివ్వలేదే.”

“మీకు అన్నీ వేళాకోళమే. రేపు దాన్ని లోపలేస్తే తెలుస్తుంది.”

“లోపలేస్తే నువ్వు వాళ్ళ బుర్ర తినేస్తావని భయపడి సాయంత్రానికల్లా వదిలేస్తారులే.”

ఆదివారం పొద్దున నేను చేసిన పని ఇప్పుడు తలుచుకున్నా ఒళ్ళు జలదరిస్తుంది. పట్టుబడ్డ సరుకుతో ఒకే విడతలో కాల్చిన ప్యాడ్లు మరికొన్ని ఫ్యాక్టరీవాళ్ళు కొరియరులో పంపారు. మంగళవారం కస్టమ్స్ అధికారి ముందు జరిగే హియరింగులో చూపించాలని అమ్మాయి వాటిని బల్లమీద వరసగా పెట్టుకుని బజారుకు వెళ్ళింది. చూస్తే ఒక్కోటీ మసి పట్టిన పెనంలా ఉంది. అధికారి ముందు ఇంత మురికివి పెడితే ఆయనకు మొదట్లోనే చిరాకు పుడుతుందేమో, ఆ చిరాకు పిల్ల మీద చూపిస్తాడేమో అని నా భయం. సబ్బు నీళ్ళు పట్టి, గిన్నెల పీచుతో ఒక్కోదాన్నీ తోమి ఎండలో ఆరబెట్టాను.

అది వచ్చి చూసి అక్కడే నిలబడిపోయింది.

“అమ్మా, వీటిమీద తెల్లగా నంబర్లుండాలి.”

“ఏవో ఉన్నాయి. తోమితే పోయాయి.”

“అవి బ్యాచి నంబర్లు. ఏ రోజు ఏ ప్రెస్సులో కాలిందో వాటితోనే తెలుస్తుంది. నా వాదనంతా వాటిమీదే పెట్టుకున్నాను.”

పిల్ల లైసెన్సును కన్నతల్లే పీచుపెట్టి తోమేసిందని కూలబడి ఏడుపందుకున్నాను. మా ఆయన వ్యాను కడగడం ఆపి వచ్చి, సంగతి విని, మొదటిసారి వేళాకోళం ఆడకుండా ఊరుకున్నారు. దాంతో నాకు ఇంకా భయమేసింది.

అమ్మాయి మాత్రం ఒక ప్యాడు చేతిలోకి తీసుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పింది.

“ఏడవకే అమ్మా. సబ్బుతో పోయే నంబరును సబ్బు తెలిసిన ఎవడైనా కాదంటాడు. ఎల్లుండి ఆ అధికారి ఆ మాటే అంటే నేను గుడ్లప్పగించి నిలబడేదాన్ని.”

“ఇప్పుడెలాగే మరి?”

“తోమినా పోనిది ఏదైనా ఉందేమో చూడాలి.”

కిటికీ దగ్గర కూర్చుని ప్యాడ్లను ఒక్కోటీ వేలితో తడమడం మొదలుపెట్టింది. నేను మంచం కోడుకు ఆనుకుని దాన్నే చూస్తున్నాను. ఉన్నట్టుండి దాని వేలు ఒకచోట ఆగింది. ముద్ద కుడి మూల వెంట్రుకంత ఉబ్బెత్తు గీత, చివర వంకర తిరిగి చిన్న చుక్క. ఇంకో ప్యాడు తీసింది, లేదు. మరోటి, లేదు. ఆ తర్వాతదానికి సరిగ్గా అదే మూల, అదే వంకర, అదే చుక్క.

వెంటనే ఫ్యాక్టరీ సూపర్వైజరమ్మకు వీడియో ఫోను చేసింది. ఇద్దరూ వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు, మధ్యలో ఆవిడ తల కొట్టుకుని నవ్వింది. ఆమె చెప్పింది అమ్మాయి నాకు విప్పి చెప్పింది. ప్రెస్సులోని అచ్చుకు వరసగా గుంటలుంటాయి, ఒక్కో గుంటలో ఒక్కో ప్యాడు కాలుతుంది. వాటిలో ఒకదాని మీద ఎవరో రెంచి జారవిడిచారు, అంచు చితికింది. అందులో కాలిన ప్రతి ప్యాడుకూ ఆ గీత పడుతుంది. అచ్చు మార్చండి మొర్రో అని ఆవిడ ఎప్పటినుంచో మేనేజరు వెంట పడుతోందట.

“ఇంకొన్నాళ్ళు మార్చొద్దని చెప్పాను,” అంది అమ్మాయి. అన్నాళ్ళ తర్వాత దాని ముఖంలో నవ్వు చూశాను. నాకు మాత్రం మంగళవారంలోగా ఆ మేనేజరుకు బుద్ధి పుట్టి అచ్చు మార్చేస్తాడేమోనని కొత్త బెంగ పట్టుకుంది.

సోమవారం అది అధికారికి ఒక అర్జీ పెట్టింది. ఆ ప్యాడ్లు తమ దగ్గరే తయారయ్యాయని సర్టిఫికెట్ ఇచ్చిన ఆ రెండో దేశపు సర్కారు ఆఫీసు మనిషిని ఫ్యాక్టరీలో నిలబెట్టి, వీడియోలో అచ్చును మీరే చూడండి అని. ఆయన సరేనన్నాడు. సరేనన్నాడంటే ఇందులో ఏదో మెలిక ఉందని నేను ఆ పూట అన్నం ముట్టలేదు.

మంగళవారం సంచీలో ప్యాడ్లు నేనే మోశాను. గేటు దగ్గర కాపలా అతను మీరెవరని అడిగితే, నిజం చెబితే రానివ్వడేమోనని ప్యాడ్లు మోసే మనిషినన్నాను. “అమ్మేనండీ,” అని అమ్మాయి నా పరువు తీసింది. అతను నవ్వి వదిలేశాడు. హియరింగు గదిలో పొడుగాటి బల్ల, గోడకు పెద్ద టీవీ, మూలన సీలు వేసిన అట్టపెట్టెలు. అధికారి సన్నటి మనిషి, కళ్ళజోడు మెడలో తాడుకు వేలాడుతోంది. మీసాలాయన ముందే వచ్చి, క్షమాపణ కాగితం మడిచి జేబులో సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. నేను తలుపు పక్క కుర్చీలో ఒదిగిపోయాను.

“పలక అక్కడిదని మీరే రాశారు. ఒప్పుకుంటాను,” అన్నాడు అధికారి. “కానీ ప్యాడు మొత్తం అక్కడే తయారుచేసి, రెండో దేశంలో రంగేసి డబ్బాలు మార్చలేదని ఏమిటి నమ్మకం? బ్యాచి నంబర్లు చూపిస్తారేమో, అది వట్టి సిరా. ఎవరైనా వేసుకోవచ్చు.”

అమ్మాయి ఒక్క క్షణం నా వైపు చూసింది. నేను చీర కుచ్చెళ్ళు చూసుకున్నాను.

“నంబర్ల మాట ఎత్తను సార్. మీరు సీలు వేసిన పెట్టెల్లోంచి మీకు నచ్చిన ప్యాడ్లు మీరే తీయండి. కొన్నిటికి కుడి మూల సన్నటి గీత ఉంటుంది. వేలితో తడిమితే తెలుస్తుంది.”

ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఒక పెట్టె సీలు తెంచాడు. ఒక్కో ప్యాడునూ తడిమి పక్కన పెట్టసాగాడు. లేదు. లేదు. పెట్టె ఖాళీ అయింది. మీసాలాయన చెయ్యి జేబులోకి వెళ్ళింది.

“ఇంకో పెట్టె చూడండి సార్,” అంది అమ్మాయి. గొంతు వణకలేదు. ఆ గొంతు నా కడుపున పుట్టిందంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

రెండో పెట్టెలో ఆయన వేలు ఆగింది. ప్యాడును వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇంకోటి తీశాడు. మరో రెండు. అన్నిటినీ పక్కపక్కన పేర్చి, “ఇవన్నీ ఒకే చేతి సంతకంలా ఉన్నాయే,” అన్నాడు తనలో తాను.

టీవీలో ఫ్యాక్టరీ వెలిగింది. మెడలో కార్డు వేసుకున్న ఆ దేశపు ఆఫీసు మనిషి, పక్కన టోపీ పెట్టుకున్న మన సూపర్వైజరమ్మ. అధికారి చెప్పినట్టల్లా వాళ్ళు చేశారు. ప్రెస్సు ఆపి అచ్చు తెరిచారు. చితికిన అంచు దగ్గరకు ఫోను తెచ్చారు. ఆయనకు అదీ చాలలేదు.

“నేను చూస్తుండగా ఒకటి కాల్చమనండి.”

నూనె మరకలున్న వట్టి ఇనప పలకను ముందు ఆయనకు చూపించారు, వెనక పలకల దేశం పేరుతో సహా. ఆ చితికిన గుంటలో పొడి పోశారు, పలక పెట్టారు, ప్రెస్సు దిగింది. ప్రెస్సు లేచింది. సూపర్వైజరమ్మ పట్టకారుతో ప్యాడును బయటకు తీసి ఫోను ముందు తిప్పింది. పొగలు కక్కుతున్న నల్లటి ముద్ద, కుడి మూల వెంట్రుకంత గీత, చివర వంకర, చుక్క.

అధికారి కుర్చీలోంచి లేచి, తన చేతిలోని ప్యాడును తీసుకెళ్ళి టీవీ పక్కన పట్టుకున్నాడు. ఇటు చూశాడు, అటు చూశాడు.

“పలకల దేశంలో ఇంకో అచ్చును కూడా ఇలాగే చితక్కొట్టుకుని ఉండొచ్చు కదా?” అన్నాడు, కానీ అప్పటికే పెదవి మీదికి నవ్వొచ్చేసింది.

“ఇదే వంకరలో, చివర చుక్కతో సహా చితక్కొట్టాలి సార్. అంత పనితనం ఉన్నవాడు సుంకం ఎగ్గొట్టే పనికి దిగడు.”

ఆయన కూర్చుని టైపు చేసే అతనికి అక్కడికక్కడే చెప్పసాగాడు. పలక బయటిదైనా, దాన్ని బ్రేకు ప్యాడుగా మార్చింది రాసిన దేశంలోనే. రంగు తుప్పు పట్టకుండా వేసింది, దాచడానికి కాదు. పుట్టిన దేశం గురించి రాసింది సరైనదే, సరుకును విడుదల చేయాలి. లైసెన్సు మీద ఇచ్చిన నోటీసు ఇంతటితో రద్దు. ప్రతి మాటకూ నేను తలూపుతున్నానని ఆయన నా వైపు చూసేదాకా నాకే తెలియలేదు.

“మీరు మోసుకొచ్చిన ప్యాడ్లు చూడనే లేదమ్మా,” అని సంచీలోంచి ఒకటి తీసి చూశాడు. “ఇవి ఇంత శుభ్రంగా ఎలా ఉన్నాయి?”

“దారిలో వాన పడిందండీ,” అన్నాను. బయట ఎండ మండిపోతోంది. అమ్మాయి చేతిలోని కాగితాన్ని ముఖానికి అడ్డం పెట్టుకుంది.

గది బయటికి వచ్చామో లేదో మీసాలాయన తెలిసినవాళ్ళెవరో కనబడితే, “మా అమ్మాయేనండీ, మా ఆఫీసే,” అని చెప్పుకుంటున్నాడు.

“శనివారం సంతకం ఒక్క దానిదేనన్నారుగా,” అన్నాను. నాకంత నోరుందని ఆ రోజే తెలిసింది. ఆయన మీసం సవరించుకుని, జేబులోని కాగితాన్ని తీసి నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు. ఆ తర్వాత అమ్మాయితో, “గేరు పెట్టెల సరుకొకటి వస్తోంది, మూడు దేశాల ముక్కలు. నువ్వు చూస్తావా?” అన్నాడు. మూడు దేశాలనగానే నా కళ్ళకు మూడు నోటీసులు కనిపించాయి. అది మాత్రం, “చూస్తాను సార్. కానీ అన్నీ నేను చూసుకున్నాకే సంతకం చేస్తాను, మీరు చెయ్యమన్నారని కాదు,” అంది. ఆయన బుద్ధిగా తలూపాడు.

గోదాము దగ్గర విడుదల కాగితం మీద అది సంతకం చేస్తుంటే మా ఆయనకు ఫోను చేశాను. వ్యానులో పిల్లల గోల మధ్య ఆయన గొంతు వినిపించింది.

“ఏమైందే?”

“విడిచిపెట్టారండీ.”

“ఎవర్ని, దాన్నా, సరుకునా?”

“ఇద్దర్నీ,” అన్నాను. అవతల వ్యాను హారను చాలాసేపు ఆగకుండా మోగింది, పిల్లలందరూ దానికి వంత పాడారు. ఇటు మా అమ్మాయి సంతకం కింద లైసెన్సు నంబరు వేసి, పెన్ను మూత పెట్టి, గేటు తీయమని చేత్తో సైగ చేసింది. కంటైనరు కదిలింది.