ఢిల్లీకి పోయిన దిష్టిబొమ్మ

తొంభై ఒకటి ఎండాకాలంలో మా బావ హరికిషన్ సిద్దిపేటలో ఇల్లు మొదలుపెట్టాడు. దానికి దిష్టిబొమ్మ చేసే పని మా అక్క జ్ఞానేశ్వరి నాకు అప్పజెప్పింది. ఇల్లు బావది, ఖర్చు బావది, కాబట్టి ముఖం కూడా బావదే ఉండడం న్యాయమనిపించింది.

కుండకు సున్నం పూసి, బొగ్గుతో మెలితిరిగిన మీసం దిద్ది, ముక్కు పక్కన పుట్టుమచ్చ పెట్టాను. బావ పాత సఫారీ తొడిగి, పొట్ట దగ్గర గడ్డి కాస్త ధారాళంగా కూరాను. పిల్లర్ చువ్వలకు కట్టి కిందికి దిగి చూస్తే, బావ తన గిన్నెల దుకాణంలో గల్లా ముందు కూర్చున్నట్టే ఉంది.

బజారంతా వచ్చి చూసి పోయింది. చూపు సరిగా ఆనని పక్కింటి కౌసల్యమ్మ అయితే రోడ్డు మీద నిలబడి, "సేటూ, నీ తాన కొన్న గంజుకు చెవి ఊడింది, మార్చియ్యి" అని బొమ్మను చాలాసేపు బతిమిలాడింది. బొమ్మ పలకలేదు. "ఇల్లు గట్టంగనే గింత పొగరా!" అంటూ తిన్నగా దుకాణానికి పోయి, అసలు బావను నలుగురిలో కడిగేసింది.

బావ ఇటుక పట్టుకుని నా వెంటపడ్డాడు.

"దించురా దాన్ని! ముందుగాల దించు!"

"ఏమైంది బావా? నీకన్న గదే జర నవ్వుమొకంతోటి ఉన్నది."

మేస్త్రి ఐలయ్య మధ్యలోకి వచ్చాడు. "గట్లెట్ల దించుతవ్ సేటూ? ఒక్కపారి కట్టినంక పాలు పొంగేదాంక బొమ్మను దించరాదు. దించితే నేను స్లాబు ఎయ్య."

స్లాబు ఆ వారంలోనే పడాలి. మృగశిర కార్తె దగ్గరికొచ్చేసింది. ఒక్క వాన గట్టిగా కొడితే, రేకుల కింద పెట్టిన సిమెంటు బస్తాలన్నీ బండరాళ్ళవుతాయి. బావ ఇటుక కింద పెట్టి, పైనున్న తన ముఖం చూసి పళ్ళు కొరికాడు.

మర్నాడు ఇంటి ముందు జీపు ఆగింది. దుబ్బాక మగ్గాలు చూడడానికి పోతున్న ఢిల్లీ మేడం ఒకామె అందులోంచి దిగి, తల పైకెత్తి, అట్లాగే ఉండిపోయింది. దేశదేశాల కళాకారులు కొత్తరకం కళ తెచ్చిపెట్టే పెద్ద ప్రదర్శన రెండు మూడు రోజుల్లో ఢిల్లీలో జరగబోతోందట. మన దేశం తరఫున ఏం పెట్టాలో ఏరేది ఆమేనట.

"ఇది ఎవరు చేశారు?" అని హిందీలో అడిగింది. నేను చెయ్యెత్తాను.

"దీంతో ఏం చెప్పదలుచుకున్నారు?"

"మా బావ గురించి చెప్పాలని," అన్నాను. ఆమె తల ఊపి రాసుకుంది.

బొమ్మ కావాలని ఆమె అడగడం పూర్తికాకముందే బావ నిచ్చెన వేశాడు. "లేజావ్ మేడం! అభీ లేజావ్!" ఐలయ్య అన్నానికి పోయిన సందులో తనే ఎక్కి, విప్పి, జీపులో కూర్చోబెట్టాడు. జీపు కదులుతుంటే టాటా కూడా చెప్పాడు. తన ముఖానికి తనే.

ఐలయ్య వచ్చి పైకి చూశాడు. తాపీ తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"గింతదానికేంది ఐలయ్యా! మా బామ్మర్ది గంటల ఇంకోటి జేస్తడు," అన్నాడు బావ.

"ఇంకోటి నడువది సేటూ. మొదటిది కాలిందా? నీళ్లల్ల కలిసిందా? ఢిల్లీల కూసోని ఈ ఇంటి డ్యూటీ జేస్తనే ఉంటది. ఒక్క ఇంటికి రెండు బొమ్మలుంటే దిష్టికి ఎటు వోవాల్నో సమజ్ గాదు. సీదా ఇంట్లకొస్తది."

నాకైతే ఆ మాట సబబుగానే తోచింది.

ప్రదర్శన మొదలైన వెంటనే బొమ్మను వెనక్కి తేవడానికి బయలుదేరాం. "నేను రాకుంటే మీరిద్దరు రైల్లనే కొట్టుకుంటరు," అని అక్క కూడా వచ్చింది.

అదొక పెద్ద భవనం. ఒక గది నిండా ఇసుక పోసి, చుట్టూ తాడు కట్టారు. "ఎవలో స్లాబు ఎయ్యబోతున్నట్టున్నరు," అని బావ వంగి గుప్పెడు తీసి నలిపాడు. "మట్టి కలిసింది. పనికిరాదు." గార్డు అరిచాడు. పక్క గదిలో విదేశీ గడ్డమాయన ఒకడు స్టవ్వు మీద నీళ్ళు కాచి, ఆవిరిని జనానికి చూపిస్తున్నాడు. అదే ఆయన కళ. జనం ఆవిరి వంక చాలా గంభీరంగా చూస్తున్నారు.

ఆ పక్కనే మా బొమ్మ. పైనుంచి లైటు, కింద కార్డు. కార్డు మీద ఏముందని బావ అడిగితే, పేరు లేదని రాసి ఉందని గార్డు చెప్పాడు.

"పేరు లేదా? మా బాపు ఊరందరికి అన్నం వెట్టి, తొట్టెల జేసి పెట్టిండు నాకు పేరు!"

ఆ కేకకు అందరూ ఇటు తిరిగారు. బొమ్మను చూశారు, బావను చూశారు, మళ్ళీ బొమ్మను చూశారు. చుట్టూ మూగి మీసం, మచ్చ, పొట్ట పోల్చుకోసాగారు. బావకు ఆవులింతలు మొదలయ్యాయి. ఒకటి మూయకముందే ఇంకొకటి.

"అయ్యయ్యో! అన్ని దేశాల దిష్టి ఒక్క మనిషికే తాకుతున్నది," అంది అక్క.

మేడం వచ్చింది. ప్రదర్శన ముగిసేదాకా బొమ్మ కదలదని కచ్చితంగా చెప్పింది. అప్పటికి మృగశిర పోయి ఆరుద్ర వస్తుంది. బావ నేల మీద కూలబడి, "నా సిమెంటూ!" అన్నాడు.

అక్క బావను రెక్క పట్టి లేపింది.

"పాలు పొంగేదాంక దించరాదన్నడు గదా ఐలయ్య. ఏడ పొంగాల్నో జెప్పిండా?"

"జెప్పలే," అన్నాను.

"బొమ్మ ఏడుంటే గదే ఇల్లు. పో, పాలు తే."

నేను బయట పాల బూత్ నుంచి పాలు పట్టుకొచ్చేసరికి, బావ చేతి సైగలతోనే గడ్డమాయనను ఒప్పించాడు. ఆయన నీళ్ళు పారబోసి, గిన్నె ఇచ్చి, తన పీట కూడా అక్కకు వేశాడు. తూర్పు ఎటని అడిగితే గార్డు ఇసుక గది వైపు చూపాడు. అక్క స్టవ్వుకు కుంకుమ పెట్టింది. బావ పక్కన నిలబడి చేతులు జోడించాడు. పాలు బుసబుసా లేచి, ఇసుక గది వైపు పొంగాయి. గడ్డమాయన చప్పట్లు కొట్టాడు. రోజూ ఆవిరి తప్ప ఏమీ రాని స్టవ్వు కదా, పాపం!

అక్క చక్కెర వేసి అందరికీ తలా కొంచెం పోసింది. దేశదేశాల మనుషులు నేల మీదే కూర్చుని ఊదుకుంటూ తాగారు. ఒక్కరు కూడా బొమ్మ వంక చూడలేదు. మేడం గ్లాసు పట్టుకుని తల ఎత్తి, "దీనికేమైంది? వెలవెలబోతోంది?" అంది.

"డ్యూటీ ఖతం మేడం," అన్నాడు బావ. "ఉంచుకోండి. ఇగ అది వట్టి గడ్డి." ఆవులింతలు ఆగిపోయాయి.

సిద్దిపేటలో ఐలయ్య విచారణ చేశాడు.

"పొంగినయా?"

"పొంగినయి."

"ఎటు దిక్కు?"

"తూర్పుకే."

"అయితే గా ఇంటి పని ఒడిసింది. ఇగ గిది వేరే ఇల్లు లెక్క. కొత్త బొమ్మ కట్టుండ్రి, పొద్దుగాల స్లాబు ఏద్దాం."

ఈసారి నన్ను ముట్టుకోనివ్వలేదు. బావే తలుపేసుకుని కూర్చుని చేశాడు. చేటల్లాంటి చెవులు, బయటికొచ్చిన ముందుపళ్ళు, నా గళ్ళ లుంగీ, నోట్లో బీడీ. పొద్దున్నే కౌసల్యమ్మ రోడ్డు మీద ఆగింది.

"ఏమయ్యా, బావ ఇంటి మీదెక్కి బీడీ తాగుతున్నవ్? దిగి నాలుగు తట్టలు మొయ్యరాదు?"

స్లాబు పడింది. అది బాగా గట్టిపడ్డాకే వాన పడింది. బావ ఇప్పుడు సాయంత్రాలు దుకాణం మానేసి బొమ్మ కింద కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాడు. దుబ్బాక వైపు ఏ జీపు పోయినా రోడ్డు మీదికి ఉరికి, "జర ఆపుండ్రి! ఇంకోటున్నది, జూసి పోండి!" అని చెయ్యెత్తుతున్నాడు.

ఆగిన ప్రతి జీపుకూ నాకొక ఆవులింత వస్తోంది.