తెర మీది సున్నా

గిన్నెలు కడిగే యంత్రం తలుపు మీది అయస్కాంతపు బిళ్ళ ‘కడిగినవి’ అనే చూపిస్తోంది. లరీసా లోపలినుంచి కప్పు తీస్తే అంచున నిన్నటి కాఫీ మరక.

"ఓరెస్ట్! ఎంగిలివి పెట్టినప్పుడు బిళ్ళ తిప్పమని ఎన్నిసార్లు చెప్పాలి?"

"బిళ్ళను నమ్మి కాఫీ పోసుకునేది నువ్వొక్కదానివే," అన్నాడు ఆమె భర్త, మంచు బూట్లు తొడుక్కుంటూ. "ఫోన్ల జబ్బులు కుదిర్చే డాక్టరమ్మవి, కప్పు చూస్తే తెలియలేదా?"

కూతురు డారియా కిసుక్కున నవ్వింది. ఇద్దరూ వెళ్లిపోయారు. లరీసా మెట్లు దిగి నేలమాళిగలో తన బల్ల ముందు కూర్చుంది. రెజైనా ఊళ్లో కంపెనీ ఆఫీసు ఎత్తేసి రెండేళ్లయింది; అప్పటినుంచి పని ఇక్కడినుంచే. సాయంత్రం దాకా ఆమె వినే చప్పుడు హీటరుదే.

ఆమె పనిచేసే కంపెనీది లారీ డ్రైవర్లు కబుర్లు చెప్పుకునే యాప్; దాని ప్రోగ్రాము రాసేది, తప్పులు దిద్దేది లరీసా. వెర్లిన్ అనే డ్రైవరు ఫిర్యాదు మళ్లీ వచ్చింది: "మూడు వారాలుగా రాస్తున్నాను. ఒక్కరూ పలకరు. ఇవాళ్టితో మానేస్తా."

నిజానికి అతనికి పదకొండు జవాబులు వచ్చాయి. అతని తెర మీద మాత్రం సున్నా.

"నా ఫోన్లో బాగానే ఉంది" అని లరీసా ఇప్పటికే నాలుగుసార్లు రాసింది. ఇప్పుడూ కంప్యూటరు నుంచి తన ఫోనుకు ఒక జవాబు పంపి చూసింది. కనిపించింది. అప్పుడు పడింది కన్ను తన బొటనవేలి మీద. జవాబు వచ్చిందో లేదో చూసేలోపే అది తెరను కిందికి లాగి వదిలింది. పదేళ్ల అలవాటు. అలా లాగితే తెర అన్నిటినీ మళ్లీ తెచ్చుకుంటుంది, తప్పు దాక్కుంటుంది; లాగాలని తెలియని వెర్లిన్‌కు మాత్రం సున్నాయే.

ఫోను బల్ల మీద పెట్టి, కంప్యూటరు నుంచి ఇంకొకటి పంపి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. జవాబు చేరింది. తెర మీద అంకె మారలేదు.

అరగంటలో దొరికింది. కొత్త జవాబును పాత జాబితాలోకే దూర్చేలా ప్రోగ్రాము రాసింది ఎవరో కాదు, తనే. జాబితా అదే కదా అని తెర కదలడం లేదు. ప్రతిసారీ కొత్త జాబితా అందించేలా దిద్దింది.

మధ్యాహ్నానికి దిద్దుబాటు డ్రైవర్ల ఫోన్లకు చేరింది. వెర్లిన్ ఒక్క ముక్క రాశాడు: "ఇంతమంది ఉన్నారా!"

ఆ మాట ఎవరితోనైనా చెబుదామని లరీసా తలెత్తింది. ఎదురుగా గోడ.

సాయంత్రం బంగాళదుంప కూరిన పెరోగీ కుడుముల మీద వేయించిన ఉల్లిపాయలు వేసుకుంటూ ఓరెస్ట్ ఎప్పటిలాగే అడిగాడు, "ఏం, అంతా బాగానే ఉందా?"

రెండేళ్లుగా చెబుతున్న "బాగానే" నోటిదాకా వచ్చింది. లరీసా దాన్ని మింగేసింది.

"లేదు."

డారియా ఫోర్కు ఆగింది.

"ఏమైందే?" అన్నాడు ఓరెస్ట్.

"సోమవారం నుంచి నేను కింద పనిచేయను. ఊళ్లో నలుగురూ కూర్చుని పనిచేసుకునే చోట బల్ల అద్దెకు తీసుకుంటున్నాను. అడగటం లేదు, చెబుతున్నాను."