గ్లెనిస్ ఓల్డ్‌రాయిడ్ ఫెయిలైన శనివారం

మార్చి నెలలో ఓ ఉదయం గ్లెనిస్ ఓల్డ్‌రాయిడ్ కొత్త రబ్బరు బూట్లు తొడుక్కుని, కొత్త పార భుజాన పెట్టుకుని స్కెల్‌బీ ఊరి కౌన్సిల్ జనానికి మడుల లెక్కన అద్దెకిచ్చే తోటల గేటు తీసింది. అంతవరకు లోపల వినిపిస్తున్న కబుర్లు టక్కున ఆగిపోయాయి. ఉల్లిమళ్ళలో వంగినవాళ్ళు వంగినట్టే ఉండిపోయారు. ఒకాయన పేడబండి చాటుకు నక్కాడు. ఇంకొకాయన చేతిలో ఉన్న టీ కప్పుతో సహా తన చెక్కగదిలోకి దూరి తలుపేసుకున్నాడు.

వాళ్ళ తప్పు లేదు. గ్లెనిస్ ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఊళ్ళో డ్రైవింగ్ పరీక్షలు పెడుతోంది. ఆ తోటల్లో మడి ఉన్నవాళ్ళలో సగం మందిని ఆవిడ ఒక్కసారైనా ఫెయిల్ చేసింది. మిగిలిన సగం మంది పెళ్ళాలనో, మొగుళ్ళనో, అల్లుళ్ళనో ఫెయిల్ చేసింది. కోపంతో కాదు, కక్షతో అసలే కాదు. పక్క సీట్లో నోరు మెదపకుండా కూర్చుని, చివర్లో కారు ఆపించి, "క్షమించాలి. ఈసారి మీరు పాస్ కాలేదు. రెండు వారాల తర్వాత మళ్ళీ హాజరు కావచ్చు" అని, ఎండా వానా లేని గొంతుతో చెప్పేది. తిట్టినా బాగుండునని ఊరి జనం అనుకునేవారు.

ఇప్పుడు ఆవిడకి ఆఫీసు పని వారానికి రెండు రోజులే, మంగళవారం, బుధవారం. ఒక్కసారిగా మానేస్తే మనిషికి పిచ్చెక్కుతుందని, కొద్దికొద్దిగా మానాలని పైవాళ్ళు సలహా ఇచ్చారు. మనిషికి అంటే ఎవరికి అన్నది వాళ్ళు ఆలోచించలేదు. పిచ్చెక్కింది ఆవిడ భర్త నెవిల్‌కి. అప్పటికి ఐదేళ్ళుగా ఇంట్లో హాయిగా పత్రిక చదువుకుంటున్న మనిషాయన. ఆవిడ మిగతా ఐదు రోజులూ వంటింటి కుర్చీలో కూర్చుని ఆయన్ని పరీక్షించడం మొదలుపెట్టింది.

"నెవిల్, చెత్తడబ్బా వెనక్కి లాగేటప్పుడు వెనక్కి చూసుకోలేదు నువ్వు."

"చెత్తడబ్బాకి అద్దం ఉండదే, గ్లెన్!"

"మెడ ఉందిగా నీకు."

నెవిల్ ముందుచూపున్నవాడు. ఈ రోజు వస్తుందని ఆరేళ్ళ కిందటే ఊహించి, తోటలో మడి కోసం ఆవిడ పేరు రాయించిపెట్టాడు. వంతు వచ్చిందని కబురు అందిన పూట ఆయన చర్చికి వెళ్ళాడు. మామూలుగా వెళ్ళే మనిషి కాదు.

గ్లెనిస్‌కి వచ్చింది పదిహేడో నంబరు మడి. అందులో మూడోవంతు బ్లాక్‌బెర్రీ ముళ్ళపొదే. పక్క మడి డోరీన్‌ది. ఎనభై ఏళ్ళావిడ, నోటికి అదుపు లేని మనిషి, తోటలో గ్లెనిస్‌ని చూసి దాక్కోనిది ఆవిడొక్కతే.

"నన్ను గుర్తుపట్టావా తల్లీ? ఏడుసార్లు ఫెయిల్ చేశావు."

"ఎనిమిదోసారి మీరు రాలేదు" అంది గ్లెనిస్.

"ఎందుకొస్తాను? అప్పటికి ముసలాళ్ళకిచ్చే ఉచిత బస్ పాస్ వచ్చేసిందిగా! ఆ లెక్కన నువ్వు నాకు బోలెడు పెట్రోలు ఖర్చు తప్పించావు. ఇదిగో, ఈ రూబార్బ్ దుంప తీసుకో, కాడలు పుల్లగా బాగుంటాయి, తీసుకెళ్ళి ఆ మూల పాతుకో."

ఇరవై ఎనిమిదేళ్ళలో ఎవరైనా చెయ్యి చాచి ఆవిడకి ఏదైనా ఇచ్చింది అదే మొదటిసారి. పరీక్షకుల చేతికి ఎవరేమిచ్చినా లంచం కిందకి వస్తుందని ఆవిడ క్షణం సేపు తటపటాయించింది. తర్వాత పుచ్చుకుంది.

తోటకి కార్యదర్శి డంకన్ స్పింక్. వృత్తికి ప్లంబరు. ఆయన మొదటి రోజే వచ్చి, దూరంగా నిలబడి, షరతు చెప్పేసి వెళ్ళాడు. కొత్తవాళ్ళకి మూడు నెలలు గడువు. గడువు తీరిన శనివారం తనిఖీ. మడిలో నాలుగింట మూడొంతులు తవ్వి, విత్తి ఉండాలి. లేకపోతే మడి వరసలో తర్వాతివాళ్ళకి పోతుంది. కుంటిసాకులు చెల్లవు. వెనకటికి ఓ పెద్దమనిషి పిట్టగూడు ఉందని చెప్పి మూడేళ్ళపాటు ఒక్క బంగాళాదుంప నాటలేదు. తీరా చూస్తే గూడు ఆయనే కట్టాడు. అప్పటినుంచి పిట్టల పేరెత్తితే కమిటీ మండిపడుతోంది.

"సాకులు నాకూ నచ్చవు" అంది గ్లెనిస్.

"తెలుసు మేడమ్. నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు" అన్నాడు స్పింక్.

గ్లెనిస్ పద్ధతిగల మనిషి. ముందు బంగాళాదుంపలు, తర్వాత ఉల్లి, తర్వాత చిక్కుళ్ళు, ముళ్ళపొద ఆఖరున అని వరస పెట్టుకుంది. అక్కడే కొంప మునిగింది.

ఏప్రిల్‌లో ఓ రెన్ పిట్ట దిగింది. బొటనవేలంత ఉంటుంది, తోక నిక్కబొడుచుకుని తిరుగుతుంది. పిట్ట కొంచెం కూత ఘనం అన్న సామెత దాన్ని చూసే పుట్టించారేమో అనిపిస్తుంది. ఈ పిట్టల్లో మగవాడి బతుకు కష్టం. వాడు ఒకటి కాదు, నాలుగైదు గూళ్ళు కట్టాలి. ఆడది వచ్చి ఒక్కోటి తనిఖీ చేసి, నచ్చినదాంట్లో కాపురం పెడుతుంది. గ్లెనిస్ బోర్లించిన బకెట్ మీద కూర్చుని దుర్భిణీలోంచి అంతా చూసింది. మగపిట్ట చెక్కగది చూరులో కట్టాడు. ఆడపిట్ట లోపలికెళ్ళి, వచ్చి, ఎగిరిపోయింది. ఫెయిల్. పాత నీళ్ళకూజాలో కట్టాడు. తల పెట్టి చూసి వెళ్ళిపోయింది. ఫెయిల్. గోడమీది తీగల్లో కట్టినదాంట్లో కాసేపు కూర్చుని, వాడికి ఆశ పుట్టించి మరీ ఫెయిల్ చేసింది. అంతసేపూ ఒక్క మాట లేదు, మొహమాటం లేదు.

"శభాష్" అంది గ్లెనిస్ పైకే.

ఆడపిట్ట ఎట్టకేలకి పాస్ చేసిన గూడు ముళ్ళపొదలో ఉంది.

మే నెల నడిచేసరికి గ్లెనిస్‌కి పొద్దున్నే లేచి తోటకి పోవడం ఎంత అలవాటైందంటే, ఆఫీసు ఉన్న రెండు రోజులూ బరువుగా తోచేవి. జీవితమంతా ఆవిడ ఎక్కడికి వెళ్ళినా జనం నడుము నిటారుగా పెట్టి కూర్చునేవారు. ఇక్కడ పిట్ట ఆవిణ్ణి లెక్కచెయ్యలేదు. డోరీన్ బిస్కెట్లు పెట్టేది. పేడబండి చాటుకు నక్కినాయన కూడా ఓ రోజు దూరంనుంచి "చలి తగ్గింది కదా" అన్నాడు. ఆ ఒక్క మాట ఆవిడ ఇంటికెళ్ళి నెవిల్‌కి రెండుసార్లు చెప్పింది. ఈ మడి పోతే మళ్ళీ వంటింటి కుర్చీయే గతి. ఆ సంగతి నెవిల్‌కీ తెలుసు, రాత్రిళ్ళు ఆయనకీ నిద్ర పట్టడం లేదు.

"గూడు సంగతి స్పింక్‌కి చెప్పెయ్యి" అంది డోరీన్.

"సాకు అవుతుంది."

"సాకు కాదు, నిజం."

"నాతో సాకులు చెప్పినవాళ్ళలో సగం మంది నిజమే చెప్పుంటారు. కళ్ళల్లో ఎండ పడిందన్నారు. బూటు జారిందన్నారు. వాళ్ళ నానమ్మ నిజంగానే పోయుంటుంది. నేనెవరి మాటా వినలేదు. ఇప్పుడు నా మాట వినమని ఏ మొహం పెట్టుకుని అడగను?"

"మొహం సంగతి వదిలెయ్. పిట్టగూడున్న పొద నరికితే చట్టం ఊరుకోదు, నరక్కపోతే కమిటీ ఊరుకోదు. గూడున్న మూల ఉంచి, ఈ పక్కంతా నరికెయ్. లెక్క సరిపోతుంది."

లెక్క నిజంగానే సరిపోయేది. శనివారం తెల్లవారుతూనే, తనిఖీకి ఇంకా నాలుగ్గంటలు ఉందనగా, గ్లెనిస్ పెద్ద కత్తెర పట్టుకుని పొద ముందు నిలబడింది. మొదటి కొమ్మ కత్తిరించింది. పిల్లలకని తెచ్చిన పచ్చపురుగు నోట్లో ఉండగానే ఆడపిట్ట వచ్చి కంచె మీద వాలింది. పురుగుని వదలకుండానే మొదలుపెట్టింది. టిక్, టిక్, టిక్, టిక్కుమంటూ తోటంతా మారుమోగేలా దులిపేసింది. గ్లెనిస్ చేతిలో కత్తెర ఆగిపోయింది. ఇన్నేళ్ళలో ఆవిడ్ని తిట్టుకున్నవాళ్ళంతా ఇంటికెళ్ళి తిట్టుకున్నవాళ్ళే. మొహమ్మీద తిట్టింది ఈ బొటనవేలంత ప్రాణి ఒక్కటే. అదే సమయంలో చెక్కగది కప్పు మీద గూళ్ళు దోచుకుతినే మాగ్‌పై కాకి ఒకటి మెడ వంచి చూస్తోంది. కొమ్మ తెగినచోట పొద తెరుచుకుని, గూటి గుమ్మం దానికి బాగా కనిపిస్తోంది.

గ్లెనిస్ మట్టిగడ్డ తీసి కాకి మీదకి విసిరింది. తెగిన కొమ్మని తిరిగి ఆ సందులో దోపింది. చేతులు గీరుకుపోయాయి. కత్తెర తీసుకెళ్ళి చెక్కగదిలో పడేసి, బకెట్ మీద కూర్చుంది. అడకత్తెరలో పోకచెక్క బతుకైపోయిందని కాదుగానీ, పొద జోలికి ఇక పోనని, మడి చెయ్యి జారినట్టేనని తేలిపోయాక ఆవిడకి ఏడుపొచ్చింది. మడి అంటే ఆవిడకి అంత ఇష్టమైపోయింది.

స్పింక్ సరిగ్గా వేళకి వచ్చాడు. అట్టకి బిగించిన కాగితం, చెవిమీద పెన్సిల్. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి. ఆ వేడుక చూడ్డానికి తోటలో ఉన్నవాళ్ళంతా ఏదో పని ఉన్నట్టు పదిహేడో మడి చుట్టూ చేరారు. చెక్కగదిలో దాక్కునేవాడు కూడా కుర్చీ బయటికి తెచ్చుకుని వేసుకున్నాడు.

స్పింక్ ఒక్క మాట మాట్లాడలేదు. బంగాళాదుంపలు చూశాడు, రాసుకున్నాడు. ఉల్లి చూశాడు, రాసుకున్నాడు. ఏం రాసుకుంటున్నాడో గ్లెనిస్‌కి అంతుపట్టలేదు. పక్కన కూర్చున్న మనిషి మౌనం ఎంత బరువుంటుందో ఆవిడకి ఆనాటిదాకా తెలియదు. ఎందుకో చెయ్యి పైకెత్తి, తలపైన లేని అద్దాన్ని సర్దుకోబోయి, చటుక్కున దించుకుంది.

స్పింక్ ముళ్ళపొద దగ్గర ఆగాడు.

"ఇదేంటి మేడమ్?"

"ముళ్ళపొద."

"ఇంకేమన్నా చెప్పాల్సింది ఉందా?"

గ్లెనిస్ నోరు తెరిచింది. పిట్ట, పిల్లలు, కాకి అన్నీ నాలుక చివరకి వచ్చాయి. "లేదు" అంది.

డోరీన్ నుదురు కొట్టుకుంది. సరిగ్గా అప్పుడు ఆడపిట్ట ఇద్దరి మధ్యలోంచి దూసుకుపోయి పొదలో దూరింది. లోపల గలభా మొదలైంది. స్పింక్ మెల్లగా మోకాళ్ళ మీద కూర్చుని, కొమ్మల సందులోంచి చూశాడు. పసుపురంగు నోళ్ళు, అన్నీ పైకే తెరుచుకుని ఉన్నాయి. తిరిగి దోపిన కొమ్మ చూశాడు. ఆవిడ గీరుకుపోయిన చేతులు చూశాడు.

"మిల్ రోడ్డు. బాతు, దాని వెనక ఆరు పిల్లలు" అన్నాడు.

"గుర్తుంది."

"బ్రేకు వేశాను. ఫెయిల్ చేశారు."

"ఆగినందుకు కాదు. అద్దం చూసుకోనందుకు. వెనకాల రొట్టెల వ్యాను వస్తోంది."

"అద్దం చూస్తూ కూర్చుంటే బాతుపిల్లలు పచ్చడైపోయేవి!"

"మన వీపులు పచ్చడైపోయేవి మిస్టర్ స్పింక్. ఇప్పుడైనా అది ఫెయిలే." ఆవిడ పొదవైపు తిరిగింది. "కానీ ఆగినందుకు నాకు ఆ రోజు సంతోషమే వేసింది. ఆ మాట చెప్పడానికి కాగితంలో గడి లేదు."

స్పింక్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. అట్ట గుండెలకి ఆనించుకున్నాడు. ఎండా వానా లేని గొంతు తెచ్చుకున్నాడు. ఆ గొంతు అక్కడున్న అందరికీ బాగా తెలిసినదే.

"క్షమించాలి. ఈసారి మీరు పాస్ కాలేదు."

గ్లెనిస్ తలూపింది.

"రెండు వారాల తర్వాత మళ్ళీ హాజరు కావచ్చు."

"అలాంటి రూలుందా మనకి?" అంది డోరీన్.

"లేదు. ఇప్పటిదాకా ఫెయిలైనవాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళే. ఈ రోజు నుంచి ఉంది. ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను." స్పింక్ పెన్సిల్ చెవిమీద పెట్టుకున్నాడు. "ఈలోగా పిల్లలు ఎగిరిపోతాయి. ఆ తర్వాత ఖాళీ గూడు చూపించి మళ్ళీ గడువు అడిగే ఉద్దేశం ఏమీ లేదుగా మేడమ్?"

"ఎగిరిన రోజున పొద నరకడానికి మేమంతా వస్తాం. ఇదిగో, ఆ కుర్చీలో ఉన్నాయన కూడా వస్తాడు" అంది డోరీన్. కుర్చీలో ఉన్నాయన తనకి ఆ సంగతి ఇప్పుడే తెలిసినట్టు చూశాడుగానీ, కాదనలేదు.

ఫెయిలైనవాళ్ళు ఆ తర్వాత ఏం చేస్తారో గ్లెనిస్‌కి తెలుసు. థాంక్యూ అంటారు, ముక్కు చీదుకుంటారు. ఆవిడ రెండూ చేసింది. ఇంటికెళ్ళేసరికి నెవిల్ గుమ్మంలోనే ఉన్నాడు.

"పాసయ్యావా?"

"ఫెయిల్" అంది ఆవిడ నవ్వుతూ. నెవిల్ భయపడిపోయి కుర్చీలో కూలబడ్డాడు. సంగతంతా చెప్పడానికి రెండు కప్పుల టీ పట్టింది.

మంగళవారం ఆఫీసులో ఆవిడకి మొదటి పరీక్ష ఓ పందొమ్మిదేళ్ళ పిల్లది. రౌండ్ అబౌట్ దగ్గర ఎదుటివాడికి దారివ్వలేదు. ఇంకేమీ చెయ్యడానికి లేదు. కారు ఆపించి, గ్లెనిస్ ఎప్పటిలాగే చెప్పింది. క్షమించాలి, ఈసారి మీరు పాస్ కాలేదు, రెండు వారాల తర్వాత మళ్ళీ హాజరు కావచ్చు. ఆ పిల్ల స్టీరింగ్ మీద నుదురు ఆనించి వెక్కడం మొదలుపెట్టింది.

మామూలుగా అయితే గ్లెనిస్ తలుపు తీసుకుని దిగిపోతుంది. ఈసారి దిగలేదు.

"మొన్న శనివారం నేనూ ఫెయిలయ్యాను" అంది.

పిల్ల తలెత్తింది. కళ్ళకి పెట్టుకున్న నలుపంతా బుగ్గల మీద ఉంది. "మీరా? దేంట్లో?"

"ముళ్ళపొదలో."

ఆ పిల్లకి ఏమీ అర్థం కాలేదుగానీ, నవ్వొచ్చింది. గ్లెనిస్ సంచిలోంచి రుమాలు తీసి ఇచ్చింది.

"రెండు వారాలు ఎంతలో తిరుగుతాయమ్మా. నేనూ ఆగుతున్నానుగా."